అన్నదమ్ముల మాత్రలు

బసన్న ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి, వయసు మీదపడి మానుకున్నాడు. ఊళ్లో అతనికి తెలియని సందు లేదు. అలాంటి మనిషి ఒక పొద్దున పత్తి మార్కెట్టు యార్డు ముందు నిలబడి, తన ఇల్లెక్కడని ఆటోవాళ్లను అడిగాడు. ఆ తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. కూతురు మల్లేశ్వరి ఊళ్లో డాక్టరు రాసిన మాత్ర చేతికిస్తే విసిరికొట్టేవాడు.

"నాకు విషం పెడతాండావు నువ్వు!"

తల్లి పోయినప్పటి నుంచీ తండ్రిని తన దగ్గరే ఉంచుకున్న మనిషి మల్లేశ్వరి. ఆ మాటకు వంటింట్లోకి పోయి ఏడ్చుకునేది.

కర్నూలులో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించి, మతిమరుపు జబ్బేనని తేల్చింది. "మీ వంశంలో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా? మానసిక జబ్బులైనా సరే, చెప్పండి" అని అడిగింది.

"మా వంశంలో అట్లాంటివి ల్యావు" అన్నాడు బసన్న గట్టిగా. పొద్దున ఏం తిన్నాడో చెప్పలేని మనిషి, ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

మల్లేశ్వరి తల వంచుకుని మెల్లగా చెప్పింది. "మా చిన్నాయన ఉండాడు మేడమ్."

ఉచ్చీరప్ప బసన్నకు సొంత తమ్ముడు. వయసులో ఉండగా అతనికి ఎవరివో మాటలు చెవిలో వినపడేవి. దర్గాలకూ గుళ్లకూ తిప్పారు. చివరికి మాత్రలతో నెమ్మదించి, ఎమ్మిగనూరులో మగ్గం నేసుకుంటూ పెళ్లీ చేసుకున్నాడు. బసన్న మాత్రం మల్లేశ్వరి పెళ్లికి తమ్ముణ్ణి పిలవలేదు. పిచ్చి ఉన్న ఇల్లంటే సంబంధం చెడుతుందని భయం. అప్పటి నుంచి రాకపోకలు లేవు.

డాక్టరమ్మ అంతా విన్నది. "మెదడు పనిచేయడానికి రకరకాల ప్రొటీన్లు కావాలమ్మా. వాటిని ఎట్లా తయారుచేయాలో మన జన్యువుల్లో ఉంటుంది. మీ చిన్నాన్నకు వచ్చినటువంటి జబ్బులకూ, ముసలితనంలో వచ్చే ఇలాంటి వాటికీ కొన్ని జన్యువులు, ప్రొటీన్లు ఉమ్మడిగా ఉన్నట్టు పరిశోధనల్లో తెలుస్తోంది. మీ ఇంట్లోనూ అదే కారణమని చెప్పలేను. కానీ అది ఎవరి తప్పూ కాదు. సిగ్గుపడే పని అంతకంటే కాదు."

"అయితే నాకూ వస్తాదా?"

"రావాలని ఏమీ లేదు. ఆ భయంతో బతకొద్దు."

మరుసటి ఆదివారం మల్లేశ్వరి ఎమ్మిగనూరు బస్సెక్కింది. ఆమెను చూసి ఉచ్చీరప్ప మగ్గం ఆపేశాడు. సంగతంతా విని ఒక్కటే అడిగాడు.

"మా అన్న నన్ను రమ్మన్నాడా?"

"ల్యాదు చిన్నాయనా. నేనే వచ్చినా."

అతని భార్య హులిగెమ్మకు ఇష్టం లేదు. "మళ్లా ఆడికి పోయి మాటలు పడతావా?"

"మన మనసే మన మాట ఇనకపోతే ఎంత భయమయితాదో నాకు తెల్సు గదా" అన్నాడు ఉచ్చీరప్ప, గోడకున్న చొక్కా తీసుకుంటూ. "ఆ భయంలో ఇప్పుడు మా అన్న ఒక్కడే ఉండాడు."

బసన్న తమ్ముణ్ణి గుర్తుపట్టలేదు. అయినా పక్కన కూర్చోనిచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక మల్లేశ్వరి మాత్ర తెస్తే, ఎప్పటిలాగే మొహం తిప్పుకున్నాడు. ఉచ్చీరప్ప తన సంచిలోంచి తాను రోజూ వేసుకునే మాత్ర తీసి, అరచేతిలో పెట్టి చూపించాడు.

"నేను గూడా ఏసుకుంటాండా అన్నా. దీంతోనే నేను బాగుండాను."

మింగి నీళ్లు తాగాడు. బసన్న అతని గొంతు వైపే చూశాడు. కాసేపటికి కూతురి ముందు చెయ్యి చాపాడు.

అప్పటి నుంచి ఉచ్చీరప్ప వారంలో సగం రోజులు ఆదోనిలోనే ఉంటున్నాడు. అతను లేని రోజుల్లో ఫోనులో మాట్లాడిస్తే బసన్న ఒక్కోసారి మాత్ర వేసుకుంటాడు, ఒక్కోసారి వేసుకోడు. జబ్బు వెనక్కి పోలేదు. ఈమధ్య మల్లేశ్వరి పేరు కూడా అతనికి నోటికి రావడం లేదు. కానీ విషం మాట ఎత్తడం మానేశాడు. మల్లేశ్వరికి కూడా రాత్రిళ్లు నిద్రపడుతోంది.

మొన్న పక్కింటి బషీరాబీ అరుగు మీద కూర్చున్న ఇద్దరినీ చూసి, "ఈయన ఎవరన్నా?" అని బసన్ననే అడిగింది.

బసన్న తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎమ్మిగనూరు ఆయప్ప. మంచోడు. ఈయప్పకి గూడా నా మాదిరే జబ్బుందంట."

ఆ మాటకు ఉచ్చీరప్ప పెద్దగా నవ్వేశాడు. ఎందుకో తెలియకపోయినా బసన్న కూడా నవ్వాడు.