ఎడమ చెయ్యి ఇంట్లో

బఠాణీలు ఒలుస్తున్న అత్తయ్య చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ముందుగదిలో ఏదో వినపడి కాదు, వినపడాల్సింది వినపడక.

ఆ వినపడని మాటేమిటో ముందు చెప్పాలి. ఆ వీధి వీధంతటికీ ఆయన వాల్వుల మావయ్య, ఆవిడ అత్తయ్య. మావయ్య జీవితమంతా పాత రేడియోలు బాగుచేశాడు. ఇప్పటి అరచేతి రేడియోలు కావు, ఎత్తితే నడుం పట్టేసే చెక్కపెట్టెలు. లోపల గాజుబుడ్ల లాంటి వాల్వులు, వేడెక్కితే గాని నోరు విప్పనివి. వాటిలో తిరిగే కరెంటు గోడమీది దీపం కరెంటు లాంటి సాధువు కాదు. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో చుట్ట చుట్టుకుని పడుకుని ఉంటుంది, వేలు పెడితే లేస్తుంది.

అందుకే ఆయనకు పని నేర్పిన గురువు ఒక కట్టుబాటు పెట్టాడట. కరెంటున్న రేడియోలోకి కుడి చెయ్యి ఒక్కటే వెళ్లాలి, ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. రెండూ పెడితే కరెంటు ఒక చేతిలో దూరి, గుండె మీదుగా రెండో చేతిలోంచి పోతుంది. పోతూ పోతూ మనిషినీ వెంటబెట్టుకుపోతుంది. "కుడి చెయ్యి ఊరెళ్లొచ్చు, ఎడమ చెయ్యి మాత్రం ఇంట్లో ఉండాలి" అనేవాడట గురువు. కుర్రాడు వంగినప్పుడల్లా వెనకనుంచి "ఎడమ చెయ్యెక్కడరా?" అని గద్దించేవాడట. "ఇంట్లో ఉందండీ" అన్నాకే పని. గురువు పోయాక అడిగే దిక్కు లేకపోయినా మావయ్య ఆ జవాబు మానలేదు. స్విచ్చి టక్కుమనగానే "ఇంట్లో ఉంది" అని తనలో తనే అనుకునేవాడు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు అత్తయ్య హడలిపోయింది కూడా. "మనం ఇంట్లోనే ఉన్నాంగా, ఎవరికి చెబుతున్నారండీ?" అని అడిగింది. తర్వాత్తర్వాత ఆ మాట ఆవిడకు పాలు పొంగిన చప్పుడంత మామూలైపోయింది.

ఇవాళ స్విచ్చి టక్కుమంది. మాట రాలేదు.

అత్తయ్య చెయ్యి తుడుచుకుని, పిల్లి అడుగులు వేసుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. బల్లమీద రేడియో బోర్లా పడుకుని ఉంది. దానికి వెళ్లే కరెంటు దారిలో మావయ్య ఎప్పుడూ కట్టే బల్బు ఒకసారి కన్ను తెరిచి మసకబారింది. అంటే లోపల ఏదీ అంటుకోలేదని, మంచి శకునమే. కానీ ఆ బల్బు రేడియోని కాపాడుతుంది, మనిషిని కాదు. మావయ్య ఎడమ చెయ్యి బల్ల అంచుమీద, కట్టు తెంచుకున్న దూడలా, ఎటు పోదామా అన్నట్టు కదులుతోంది.

"కాఫీ తాగుతారా?" అంది, గొంతు మామూలుగా ఉంచి.

ఆయన తల తిప్పాడు. "ఇప్పుడేగా ఇచ్చావు?"

ఇవ్వలేదు. పొద్దుటి నుంచీ ఇవ్వలేదు. అత్తయ్య ఆయన భుజం మీదుగా చెయ్యి చాచి స్విచ్చి తీసేసింది. "భోజనం వేళయింది, లేవండి" అంది. ఆయన లేచాడు.

ఈ మరుపు నిన్నా ఇవాళా మొదలైంది కాదు. పాలకని వెళ్లిన మనిషిని ఇస్త్రీ బండివాడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "మావయ్య దారి తప్పి నా దగ్గర కబుర్లకి కూర్చున్నాడత్తయ్యా" అని నవ్వేశాడు పాపం, ఆవిడ మొహం చూసి. కళ్లజోడు చెప్పుల గూట్లో దొరికింది. అన్నం ముందు కూర్చుని "తమ్ముడింకా రాలేదేం?" అన్నాడు ఒకరోజు. ఆ తమ్ముడు పోయి ఎన్నేళ్లో! "వస్తాడు లెండి, మీరు తినండి" అంది, కంచంలోకి చూస్తూ. కూతురు ఫోన్ చేసి "నాన్న ఎలా ఉన్నారే అమ్మా?" అంటే, "బంగారంలా ఉన్నారు" అనేది. గుప్పిట మూసినంతసేపే కదా గుట్టు.

అలాంటి ఇంటికి ఈ రేడియో వచ్చి పడింది. కూతురి అత్తగారిది, అంటే వియ్యపురాలిది. వాళ్ల నాన్న వినే రేడియో. ఆయన పోయాక అటకెక్కింది. "అన్నయ్యగారి చెయ్యి పడితే మొద్దు కూడా పాడుతుంది" అని వియ్యపురాలు స్వయంగా ఆటోలో, ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. వద్దనడానికి అత్తయ్యకు నోరు రాలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే గుట్టు పోతుంది.

పైగా ఆ పెట్టె వెనక అట్ట విప్పిన క్షణం నుంచి మావయ్య మళ్లీ మావయ్య అయ్యాడు. దుమ్ము ఊదాడు, బొద్దింక గూళ్లు గీకాడు, ఎలుకలు కొరికిన తీగలు మార్చాడు. మైనం కారిపోయిన పాత కండెన్సర్లు ఒక్కొక్కటీ కత్తిరించి కొత్తవి టంకం వేశాడు. పొద్దున తిన్నదేమిటో చెప్పలేని మనిషి, ఏ వాల్వు ఏ గూట్లోదో కళ్లు మూసుకుని చెప్పాడు. డయల్ దారం తెగితే, ఏ చక్రం మీదుగా ఎన్ని చుట్లు తిప్పాలో వేళ్లే చూసుకున్నాయి. ఈల కూడా వేశాడు! అత్తయ్యకు కడుపు నిండిపోయింది. ఆ మాట ఆగిపోయిన ఇవాళ్టిదాకా.

"వదినగారూ, మా నాన్న రేడియో ఇంకా ఆసుపత్రిలోనే ఉందా?" అని ఆ సాయంత్రమే వియ్యపురాలి ఫోను. "నేనుండగా పాడుతుందా, నేను పోయాక పాడుతుందా?"

"మీరెక్కడికి పోతారు వదినగారూ, మమ్మల్నందర్నీ సాగనంపాల్సిన మనిషి!"

"సరే, రేపు వస్తున్నాం నేనూ మీ అమ్మాయీ. పాడకపోయినా సరే, చూసి పోతాం."

అత్తయ్య ఫోను పెట్టేసింది. అడకత్తెరలో పోకచెక్క బతుకైపోయింది. రేడియోలో వాల్వులు వెలిగాయి గాని చప్పుడు రాలేదు. ఎక్కడ ఆగిందో చూడాలంటే కరెంటు ఉండగానే లోపల వెతకాలి. ఆ సంగతి ఆవిడకు తెలుసు, ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం అంటదూ! కూతురికి చెబితే రేడియో పోతుంది, రేడియోతో పాటు ఈలా పోతుంది. చెప్పకపోతే... ఆ రెండో సగం మనసులోనైనా పూర్తి చెయ్యలేకపోయింది.

అప్పుడు కనిపించింది ఆవిడకు, మావయ్య వేసుకున్న పైజామాకు జేబు లేదని. ముందుగదిలోని దుకాణం మూసేశాక ప్యాంట్లు మానేసి పైజామాల్లోకి దిగాడు. పాపం ఇంటికి వెళ్దామన్నా ఎడమ చేతికి ఇల్లేదీ? దారం సూదీ తీసి, పాత చొక్కా గుడ్డతో మోచేతి దాకా పట్టే జేబు కుట్టింది.

తెల్లారి ఆయన అందులో చెయ్యి పెట్టి నవ్వాడు. "ఇంత జేబేమిటే? ఇందులో సంసారమే సర్దొచ్చు."

"మీ ఎడమ చేతికండీ. కరెంటున్నప్పుడు అది ఇంట్లో ఉండాలిగా?"

మావయ్య ఆవిడ వంక చూశాడు. కొత్త సంగతి వింటున్న పిల్లాడి చూపు అది. "అలాగా? ఎవరు చెప్పారు?"

అత్తయ్య దగ్గరికి జరిగింది. "మీరే" అంది. గుండె మీదుగా కరెంటు పోయే సంగతి ఆయన చెప్పినట్టే తిరిగి ఆయనకు చెప్పింది. ఆయన బుద్ధిగా తలాడించాడు. విన్నంతసేపూ విన్నాడు. పక్కకి తిరిగి స్క్రూడ్రైవరు అందుకునేసరికి ఎడమ చెయ్యి మళ్లీ బల్లమీదే ఉంది.

ఇక ఆవిడ పీట బల్ల పక్కనే వేసుకుంది. ఆయన స్విచ్చి వైపు చూస్తే ఏదో ఒకటి అడుగుతుంది. ఉల్లిపాయలు బాగున్నాయా అంటుంది, దోమలెక్కువయ్యాయి కదా అంటుంది. "ఏమిటే ఇవాళ, చెవిలో జోరీగలా?" అని విసుక్కున్నాడు. విసుక్కోనీ! విసుక్కునే మనిషి ఉండటమే కావలసింది.

అంతలో వీధి తలుపు దబదబా మోగింది.

"నేనొచ్చేదాకా ముట్టుకోకండి. వింటున్నారా? ముట్టుకోకండి."

"సరేలేవే."

గుమ్మంలో వియ్యపురాలు, వెనక కూతురు. "ఏం వదినగారూ, తలుపు తియ్యడానికి ముహూర్తం చూసుకుంటున్నారా?" అంటూ వియ్యపురాలు చెప్పులు విడుస్తోంది. అత్తయ్య ఏదో అనబోయింది. లోపల స్విచ్చి టక్కుమంది.

వచ్చినవాళ్లను గుమ్మంలోనే వదిలేసి పరుగెత్తింది. వాళ్లూ కంగారుగా వెనకే వచ్చారు.

బల్బు సగం కన్నుతో వెలుగుతోంది. బోర్లించిన రేడియో పొట్టలోకి మావయ్య వంగి ఉన్నాడు. ఎడమ అరచెయ్యి ఇనప చట్రం మీద, ఆవు వీపు నిమిరినట్టు, నిండుగా ఆనించి ఉంది. కుడి చేతిలో కరెంటు కొలిచే మీటరు పుల్ల, పట్టు జారి వేళ్లు దాని ఇనప మొన దాకా దిగిపోయాయి. మొన తీగల మధ్యకి దిగుతోంది.

కూతురు "నా..." అని కేక పెట్టబోయింది. అత్తయ్య ఆ నోరు మూసేసింది. కేకకి ఉలిక్కిపడితే చెయ్యి ఎక్కడ పడుతుందో! స్విచ్చి చూస్తే ఆయన అవతల గోడకుంది, ఆయన మీదుగా వంగాలి. లాగుదామా అంటే, కరెంటు దగ్గరున్న మనిషిని ముట్టుకోవద్దని ఆయనే ఎన్నిసార్లు చెప్పాడో. బతిమాలే వేళ కాదు, పొద్దుట చెప్పిందే లోపలికి పోలేదు. వేళ్లు ఇంకో అంగుళం దిగాయి.

ఎక్కడినుంచి వచ్చిందో అత్తయ్య నోటికి ఆ గొంతు! ఎన్నడూ చూడని గురువు గొంతు, మొగుడి నోట వినీ వినీ అరిగిపోయిన గొంతు.

"ఎడమ చెయ్యెక్కడరా?"

మావయ్య తల ఎత్తలేదు. ఎడమ చెయ్యి మాత్రం చట్రం మీదనుంచి లేచింది. గాలిలో ఒక్క క్షణం తచ్చాడింది. పైజామా పక్కకు దిగి, చొక్కా గుడ్డ జేబులోకి మోచేతి దాకా దూరిపోయింది. కుడిచేతి వేళ్లు పుల్ల మీద పైకి జరిగాయి.

"ఇంట్లో ఉందండీ" అన్నాడు మావయ్య.

అత్తయ్య కూతురి నోటి మీంచి చెయ్యి తీసింది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే వెతుక్కుంటున్నాడు. ఒకచోట మొన తాకగానే స్పీకరు బుర్రుమంది. "ఇక్కడిదాకా బతికే ఉంది" అన్నాడు. ఇంకాస్త వెనక్కి వెళ్లి, తల వెంట్రుకంత తీగ తెగి ఉండటం పట్టుకున్నాడు.

"స్విచ్చి తియ్యరా!" అంది అత్తయ్య, అదే గొంతుతో.

"తీశానండీ." తీశాడు. కండెన్సర్లో దాగిన కరెంటును స్క్రూడ్రైవరు తాకించి చంపాడు. అది టపుక్కుమంటే వియ్యపురాలు గెంతింది. టంకం పుల్ల పట్టిన చెయ్యి గాలిలో వణికింది గాని తీగ మీద వాలాక కదల్లేదు. మళ్లీ స్విచ్చి. మళ్లీ ప్రశ్న, మళ్లీ జవాబు. వాల్వులు ఎర్రబడ్డాయి. మావయ్య మీట తిప్పుతుంటే గరగర మధ్యలోంచి ఎవరో మగమనిషి గొంతు పైకి లేచింది. రేపు అక్కడక్కడా చిరుజల్లులు పడవచ్చునంటున్నాడు.

వియ్యపురాలు కుర్చీలో కూర్చుంది. "జల్లులంటే చాలు, మా నాన్న గొడుగు వెతికేవాడు" అంది. కళ్లు తుడుచుకుంటూనే అత్తయ్య వైపు తిరిగింది. "అదిసరేగాని వదినగారూ, మొగుణ్ణి ఒరే అని పిలవాలని నాకూ ఎప్పటినుంచో కోరిక. మీరు ముందే తీర్చుకున్నారే!"

అందరూ నవ్వారు, కూతురు తప్ప. అది తల్లిని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఎన్నాళ్లనుంచమ్మా?"

అత్తయ్య ఇక దాచలేదు. పాలు, కళ్లజోడు, పోయిన బాబాయి, అన్నీ చెప్పేసింది. చెబుతుంటే భయం తగ్గలేదు గాని, మొయ్యడానికి ఇంకో భుజం దొరికినట్టయింది.

"బంగారంలా ఉన్నారన్నావు కదే! ఆ బల్ల ఇవాళే తీయించేస్తా. డాక్టరు దగ్గరికి రేపే వెళ్దాం."

"డాక్టరు దగ్గరికి పద. బల్ల మాత్రం తియ్యకే. అక్కడ కూర్చున్నప్పుడే కదే నాన్న దొరుకుతున్నారు."

"ఏదైనా అయితే?"

అత్తయ్య బఠాణీ తొక్కలు పోగుచేసింది. కూతురే మళ్లీ అంది, "స్విచ్చి బోర్డు నీ పీట పక్కకి మార్పిస్తా. నువ్వు లేనప్పుడు దాని ఫ్యూజు పీకి నీ దగ్గరుంచుకో."

అలాగే చేశారు. డాక్టరు మందులు రాశాడు. మరుపును వెనక్కి తిప్పలేమనీ, నెమ్మదిగా నడిపించగలమేమో చూద్దామనీ అన్నాడు. ఫ్యూజు ముక్క పంచదార డబ్బాలో ఉంటుంది. వియ్యపురాలు ఊరుకుంటుందా, ఆ రేడియో సంగతి ఊరంతా చాటింది. ఎవరి అటకమీదిదో ఇంకో రేడియో వచ్చి కూర్చుంది.

ఇప్పుడు అత్తయ్య పీట మీద కూర్చుని, ఒళ్లో బఠాణీల గిన్నె పెట్టుకుని, ఫ్యూజు తగిలిస్తుంది. తనే స్విచ్చి వేస్తుంది. బల్బు కన్ను తెరుస్తుంది.

"ఎడమ చెయ్యెక్కడరా?"

మొదట్లో జవాబు వెంటనే వచ్చేది. ఈమధ్య కొంచెం ఆలస్యమవుతోంది. ఆ కాసేపూ ఆవిడ కుడి చెయ్యి బఠాణీల్లో ఉంటుంది, ఎడమ చెయ్యి స్విచ్చి మీద.

"ఇంట్లో ఉందండీ" అంటాడు మావయ్య.

అప్పుడు గాని ఆవిడ రెండో కాయ ఒలవదు.