ఎడమ కొసన మొదలైన కుట్టు

సంచుల షెడ్డులో ముప్పై మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆపింది కరెంటు కాదు, అల్లుడు. నలుగురు మనుషుల్ని వెంటేసుకుని మూడో అంతస్తు ఎక్కి వచ్చి, అడుగు ఊడిపోయిన ఒక బడి సంచిని కటింగ్ బల్ల మీద విసిరేసి, ఇది ఎవరి కుట్టో చెప్పమన్నాడు.

అతన్ని ఆ వాడంతా అల్లుడనే పిలుస్తుంది. ఏ ఇంటికైనా చెప్పాపెట్టకుండా వస్తాడు, కావలసింది అడక్కుండా పట్టుకుపోతాడు, పైగా అందరూ లేచి నిలబడి మర్యాద చెయ్యాలి. నవ్వుకోవడానికి పెట్టిన పేరే అది, ఇప్పుడు మాత్రం ఎవరూ నవ్వడం లేదు. సంచి అడుగున రెండు పొరల మధ్య అతని తెల్లపొడి పొట్లాలు పెట్టి కుట్టాలి. ఆ సంగతి షెడ్డు యజమానికి తెలుసు, పోలీసు స్టేషనుకు తెలుసు. మిషన్ల మీద వంగిన ఆడవాళ్ళకు అందరికంటే బాగా తెలుసు. ఆ పొడిలో సగం సాయంత్రానికల్లా తిరిగి వాళ్ళ మెట్ల కిందికే వస్తుంది, వాళ్ళ మొగుళ్ళ, తమ్ముళ్ళ నరాల్లోకి ఎక్కుతుంది.

మొన్న బస్సులు ఆగే చోట ఈ సంచి అడుగు విచ్చుకుని పొట్లాలన్నీ పట్టపగలు జనం కాళ్ళ మధ్య పడ్డాయి. పది మందీ చూశారు, కొందరు తొక్కుకుంటూ పోయారు. అల్లుడికి సరుకు పోయిన బాధకంటే ఆ తొక్కిడి ఎక్కువ మండింది.

కటింగ్ మాస్టరు సంచిని తిప్పి చూశాడు. కుట్టు చదవడం అతనికి ఇరవై ఏళ్ళ అలవాటు. ఒకరి దస్తూరీ మరొకరికి రానట్టే ఒకరి కుట్టు మరొకరికి రాదు. దారం ఎంత బిగిస్తారు, చివర ఎన్నిసార్లు వెనక్కి తిప్పుతారు, ఏ కొసన మొదలుపెడతారు, ఇవి చూస్తే మనిషి ముఖం చూసినట్టే. ఈ కుట్టు ఎడమ కొసన మొదలైంది.

"పుర్రచెయ్యి," అన్నాడు తల దించుకుని.

పుర్రచెయ్యి పాతికేళ్ళ మనిషి. ఎడమచేతి వాటం వల్ల వచ్చిన పేరు. అందరూ కుడి కొసన మొదలుపెట్టే షెడ్డులో ఆమె ఒక్కతే ఎడమ కొసన మొదలుపెడుతుంది. అయితే ఈ కుట్టు ఆమెది కాదు. ఆ రోజు ఆమెను పట్టీలు కుట్టమని కిటికీ దగ్గర కూర్చోబెట్టింది మాస్టరే. భయంలో మర్చిపోయాడో, మర్చిపోయినట్టు నటించాడో. ఆమె మిషన్ మీద ఆ పూట కాజాలక్క కూర్చుంది. చొక్కాల షెడ్డులో కాజాలు కుట్టీ కుట్టీ ఇక్కడికి వచ్చిన మనిషి, సంచి అడుగు ఎటు పట్టుకోవాలో తెలియక తలకిందులుగా పట్టుకుని ఎడమ కొసన మొదలుపెట్టింది. పుర్రచెయ్యి కిటికీ దగ్గర నుంచి చూసి నవ్వుకుంది కూడా. కాజాలక్క దారం బిగించే మరను అంత వదులుగా ఎందుకు తిప్పుతోందో మాత్రం అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టింది.

ఒక్క మాట చెబితే చాలు, గండం గడుస్తుంది. ఆమె కాజాలక్క వైపు చూసింది. రెండు నెలల కిందట కాజాలక్క తమ్ముడు ఈ షెడ్డు మెట్ల కిందే శవమై దొరికాడు, చేతిలో దిగిన సూది దిగినట్టే ఉంది. అప్పుడు వాణ్ణి బయటికి మోయడానికి కాళ్ళు పట్టింది పుర్రచెయ్యే. ఆమెకు నోరు రాలేదు.

అల్లుడు ఆమె ఎడమచేతిని సూది కింద పెట్టించాడు. పెడలు తొక్కమని మాస్టరుకు చెప్పాడు. మాస్టరు వద్దన్నా వద్దన్నా అని ఏడ్చాడు, ఏడుస్తూనే తొక్కాడు. సూది రెండు వేళ్ళ మీదుగా పరుగెత్తి ఎముక దగ్గర పుటుక్కుమంది, విరిగిన ముక్క లోపలే ఉండిపోయింది. ఆమె కేక వీధి చివరి దాకా వినిపించింది. వీధిలో ఒక్కరూ తలెత్తలేదు.

ఎల్లుండికి రెండు వందల సంచులు తయారుండాలని చెప్పి అల్లుడు వెళ్ళిపోయాడు.

డాబా మీద నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆ చెయ్యి కడుగుతూ కాజాలక్క అందరి ముందూ ఒప్పుకుంది. కుట్టు తనదేనని, కావాలనే వదులు చేశానని, తమ్ముణ్ణి తిన్న పొడిని చేతులారా మూటగట్టడం తన వల్ల కాలేదని చెప్పింది. పుర్రచెయ్యి కుడిచేత్తో ఆమె చెంప పగలగొట్టింది.

"నాకు తెలుసు నీదేనని," అంది. "ముందే చెప్పి ఉంటే నేనూ వదులుగానే కుట్టేదాన్ని కదక్కా. ఒక్కదానివే చేశావు. అందుకే వాడికి ఒక్కదాన్ని పట్టుకోవడం తేలికైంది."

కాజాలక్క లేచింది, వెళ్ళి అల్లుడి ముందు ఒప్పుకుంటానంది. కొందరు వెళ్ళనివ్వమన్నారు. మాకూ పిల్లలున్నారు, రోజూ ఒకరి వేళ్ళు పోతుంటే చూస్తూ కూర్చోవాలా అన్నారు. ఇంకొకామె, మనం కుట్టకపోతే పక్క షెడ్డువాళ్ళు కుడతారంది. గోల పెరిగింది. ఒకళ్ళ మీద ఒకళ్ళు లేచారు. దారాలు కత్తిరించే ముసలమ్మ, ఒకప్పుడు నూలుమిల్లు సమ్మెలో లాఠీ తిని నడుము వంగిపోయిన మనిషి, అందరూ అలిసేదాకా ఆగి, పక్క షెడ్డువాళ్ళతో మాట్లాడటానికి నోరేమైనా పడిపోయిందా అని అడిగింది.

"ఇదెళ్ళి ఒప్పుకుంటే చంపుతాడు. ఆ సాయంత్రమే మళ్ళీ పొట్లాలు పంపిస్తాడు," అంది. "వాడికి కావలసింది ఒక కుట్టు, ఒక మనిషి. అది మాత్రం దొరకనివ్వకండే."

ఎలా దొరకనివ్వకూడదో పుర్రచెయ్యి చూపించింది. గుడ్డ చుట్టిన చేతిని గుండెకు ఆనించుకుని, మర్నాడు పొద్దున్న మాస్టరు రాకముందే ఒక్కొక్క మిషన్ దగ్గరికీ వెళ్ళి, ఎడమ కొసన మొదలుపెట్టడం నేర్పింది. కుడిచేతి వాటం ఆడవాళ్ళు తిప్పలు పడ్డారు. ఒకామె కుట్టు తాగినవాడి నడకలా పోయిందని అందరూ నవ్వారు. ఆ షెడ్డులో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో. మధ్యాహ్నానికి ముప్పై మందీ ఒకే చేత్తో కుడుతున్నారు, ముప్పై మిషన్ల మరలూ వదులుగానే ఉన్నాయి. ముసలమ్మ కుళాయి దగ్గరా, రేషను వరుసలోనూ వీధిలోని మిగతా షెడ్ల ఆడవాళ్ళ చెవిన ఈ సంగతి వేసింది.

మాస్టరు ఆ సాయంత్రం ఒక సంచి చేతిలోకి తీసుకుని చూశాడు. ఇంకొకటి చూశాడు. రెండింటినీ పెట్టెలో పెట్టాడు.

మూడోనాడు ఎండ నడినెత్తి మీద ఉండగా అల్లుడి మనుషులు సంచులు భుజాన వేసుకుని దిగుతున్నారు. రెండో అంతస్తు మలుపులో మొదటి సంచి విచ్చుకుంది. దాని వెనకే అన్నీ. పొట్లాలు మెట్లమీద దొర్లి పగిలాయి, పైనుంచి ఆడవాళ్ళు డ్రమ్ము ఒరగదోశారు, నీళ్ళతో కలిసి తెల్లటి బురద మూడంతస్తులూ జారింది. ఒకడు పట్టుదప్పి తల పగలగొట్టుకున్నాడు.

అల్లుడు కటింగ్ కత్తెర పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. మాస్టరు జుట్టు పట్టి సంచుల మీదికి వంచి, ఎవరిదని అడిగాడు. మాస్టరు ముక్కు నుంచి రక్తం కుట్టు మీద పడింది.

"ఒకే చెయ్యి," అన్నాడు మాస్టరు. "ముప్పై మందిదీ ఒకే చెయ్యి. నన్నడిగి లాభం లేదు."

అల్లుడు అతన్ని తన్ని, ఎడమ కొసను చూసి పుర్రచేతి కోసం వచ్చాడు. మిగిలిన కుడిచేతిని పట్టి మిషన్ దగ్గరికి ఈడ్చాడు. ఆమె పళ్ళతో వాడి మణికట్టు కొరికింది. అప్పుడు కాజాలక్క అడ్డంగా వచ్చి నిలబడింది. ముసలమ్మ వెనక నుంచి చీర కొంగు పట్టి లాగుతున్నా ఆగలేదు.

"బస్సుల దగ్గర ఊడింది నాది. నా తమ్ముడి కోసం కుట్టాను," అంది. "దాన్ని వదులు."

కత్తెర ఆమె కడుపులోకి దిగింది. అల్లుడు దాన్ని బయటికి లాగి మళ్ళీ దించాడు. ఆమె మిషన్ మీదికి ఒరిగింది.

ఆ తర్వాత ఎవరు ముందు కదిలారో ఎవరూ చెప్పలేరు. కాలుతున్న ఇస్త్రీపెట్టె అల్లుడి వీపు మీద పడింది. దారాల కత్తులు, బాబిన్ పెట్టెలు, చెప్పులు, గోళ్ళు, ఏది దొరికితే అది. ముప్పై మంది ఏళ్ళ తరబడి మింగిన భయాన్నంతా ఒక్కసారి కక్కారు. వాడి మనుషులు కిటికీ నుంచి పక్క కప్పు మీదికి దూకారు. అల్లుడు చెవి చినిగి, చర్మం ఊడి, తన పొడిబురదలోనే జారుతూ లేస్తూ మెట్లు దిగి వీధిన పడ్డాడు. ఈసారి వీధి తలెత్తింది. చొక్కాల షెడ్డు, బొమ్మల షెడ్డు, చెప్పుల షెడ్డు ఖాళీ అయ్యాయి. రాళ్ళు వాడి వెనకే పరుగెత్తాయి. వాడు పోలీసు స్టేషన్లో దూరాడు. కాజాలక్క తమ్ముడి శవాన్ని చూడటానికి రోజంతా తీరని పోలీసులు రెప్పపాటులో గేటు మూసి తాళం వేశారు.

జనం గేటును ఊపారు. లాఠీలు ఊచల్లోంచి దూరి వేళ్ళ మీద పడ్డాయి. ఇద్దరు ఆడవాళ్ళ తలలు పగిలాయి. వాళ్ళను వెనక్కి పంపితే ఆ జాగాలో నలుగురు వచ్చి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి, ఇంత గుంపుతో తాను మాట్లాడలేనని, ఇదంతా నడిపిస్తున్న మీ పెద్ద ఎవరో ఆమెను పిలవమని అరిచాడు.

పుర్రచెయ్యి ముందుకొచ్చింది. గుడ్డ ఊడిపోయిన ఎడమచేతి నుంచి రక్తం కారుతోంది.

"వస్తోంది," అంది.

వీధి చివర నుంచి జనం రెండు పక్కలకూ జరుగుతూ వచ్చారు. ఆరుగురు ఆడవాళ్ళు కటింగ్ బల్ల చెక్కను భుజాల మీద మోసుకొస్తున్నారు. ముందు కొస మాస్టరు పట్టాడు. చెక్క మీద కాజాలక్క ఉంది, ఎవరో ఆమె జుట్టు దువ్వి ముడి వేశారు. తెచ్చి గేటుకు అడ్డంగా దించారు.

"మా పెద్ద వచ్చింది. మాట్లాడండి," అంది పుర్రచెయ్యి.

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకుని లోపలికి చూశాడు. పుర్రచెయ్యి కాజాలక్క తల దగ్గర నేలమీద కూర్చుంది. ముసలమ్మ కూర్చుంది, మాస్టరు కూర్చున్నాడు. వాళ్ళ వెనక ఒక్కొక్క షెడ్డే వచ్చి కూర్చుంటూ పోతే, వీధి మలుపు దాకా నిండింది.