బ్లేడు పరీక్షకు పెట్టిన రాయి

నా పని రాళ్లు కోయడం. ఉల్కల్ని పరీక్షించే ప్రయోగశాలలో ఇరవై ఏళ్లుగా రంపం నాదే. ఏ రాయి ఎక్కడిదో తేల్చాల్సింది పెద్ద చదువులు చదివినవాళ్లు. కానీ వాళ్లకంటే ముందు తీర్పు చెప్పేది నా నోరు. అదే నా కొంప ముంచింది.

మా అన్నయ్య ఎడారి శిబిరాలకు నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. దారిలో నల్లరాయి కనబడితే చాలు, బండి ఆపి ఏరుకొచ్చి నా బల్ల మీద కుమ్మరించేవాడు. నేను అయస్కాంతం పెట్టేదాన్ని. పైనుంచి పడ్డ రాళ్లలో చాలావాటిలో ఇనుము ఉంటుంది, అంటుకుంటాయి. అన్నయ్యవి అంటుకునేవి కావు.

ఆరేళ్ల కిందట కొబ్బరికాయంత రాయి తెచ్చాడు.

“దీని పైతోలు చూడవే. మాడిన కుండలా లేదూ?”

అయస్కాంతం జారి కింద పడింది.

“కొలిమిలో మిగిలే చిట్టెం! నీ బుర్రలోనూ ఇదే ఉన్నట్టుంది” అన్నాను, అందరికీ వినబడేలా. పక్కవాళ్లు పకపకా నవ్వారు. అన్నయ్యా నవ్వాడు. ఆ తర్వాత మళ్లీ ఒక్క రాయీ తేలేదు. ఏది ఎక్కడ దొరికిందో రాసుకున్న నోటుపుస్తకాన్ని పొయ్యిలో పెట్టాడని వదిన చెబితే, పీడా పోయిందనుకున్నాను. సిగ్గులేనిదాన్ని!

కొత్త బ్లేడు బిగించినప్పుడల్లా ముందుగా పనికిరాని రాయి మీద ఓ కోత కోసి చూడాలి. అందుకు ఆ రాయిని పెట్టుకున్నాను. బ్లేడుకో కోత. కోసిన బిళ్లలు చెత్తబుట్టలోకి.

పోయిన నెలకి నిమ్మకాయంత మిగిలింది. ఆ చివరి కోతలో నల్లటి గాజు చార, అందులో సన్నని బుడగలు కనబడ్డాయి. అలాంటి చారలు ఉల్కల్లో చూశాను. మా ప్రయోగశాల పెద్ద మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చిటికెడు గాజును వేడిచేసి, బుడగల్లో చిక్కుకున్న గాలిని కొలిచారు. అంగారకుడి మీద దిగిన నౌక అక్కడి గాలిని కొలిచి పంపిన లెక్కతో అది సరిపోయింది.

అంగారకుడి రాళ్లకు అయస్కాంతం సరిగా అంటుకోదని నాకు తెలియదా? తెలుసు. వేరే ఎవరైనా తెచ్చుంటే గుర్తొచ్చేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అదే నా జబ్బు.

అన్నయ్య ఇంటికెళ్లి చెప్పాను. ముక్కని అరచేతిలో పెట్టుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

“మిగతాదేదే?”

జరిగింది చెప్పాను. తిట్టినా బాగుండేది.

“పోనీలే. ఎక్కడ దొరికిందో నాకూ గుర్తులేదు. ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయేమో” అన్నాడు. ముక్కని అటూ ఇటూ తిప్పి చూస్తూ అడిగాడు. “అంతకుముందు వందకి పైగా ఇచ్చాను కదా. వాటికీ అయస్కాంతమేనా?”

“అంతే అన్నయ్యా.”

“అవెక్కడున్నాయి?”

నోరు పెగల్లేదు. ఇరవై ఏళ్లుగా ఆగని నోరు! మా ప్రయోగశాల కొత్త గది పునాదిలో రాళ్లు తక్కువైతే వాటిని పోయించింది నేనే. ఇప్పుడు నా రంపం ఆ గదిలోనే ఉంది. రోజూ వాటిమీద నిలబడే రాళ్లు కోస్తున్నాను.