సగం డ్రమ్ము

జయకుమార్ డ్రమ్ము మూత తీసి లోపలికి చూశాడు. తర్వాత బావ చొక్కా వైపు చూశాడు. ఆ వెంటనే జేబులోంచి ఫోన్ తీసి చెల్లెలికి చేశాడు.

"నవోమీ, ఉన్నపళంగా గుంటల కాడికి రా. నువ్వు చూస్తే గానీ తేలేది కాదు."

ఏం చూడాలో చెప్పలేదు. చెప్పే అవసరం లేదు. నవోమి పొయ్యి ఆర్పేసింది. బడికి తయారవుతున్న కూతురు అబిగయీలు జడ సగంలో వదిలేసి, మిగతాది నువ్వే అల్లుకోమంది. పిల్ల ఎక్కడికని అడగలేదు. తల్లి మొహం చూసి రిబ్బను పళ్ల మధ్య పెట్టుకుని తలుపు వైపు తిరిగింది.

అల్లూరు దాటి రొయ్యల గుంటలకు పోయే కట్ట మీద రాత్రి కురిసిన వాన ఇంకా ఆరలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంటే నవోమికి అన్న పెట్టిన షరతే చెవుల్లో మోగుతోంది. వేసవిలో భర్త యెహోషువను నెల్లూరు ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన రోజు జయకుమార్ ఆమె ముందే చెప్పాడు. గుంటల మీద కాపలా పని ఇస్తాను, మా ఇంటి వెనక వాటాలో ఉండండి. ఒక్కసారి మందు వాసన వచ్చిందా, పనీ లేదు, వాటా లేదు. దానికి నవోమి తన మాట కూడా కలిపింది. అట్లా జరిగితే నేనూ, బిడ్డా అన్న దగ్గరే ఉండిపోతాం, నువ్వు ఎటైనా పో అని. యెహోషువ ఇద్దరి మాటలకూ తల ఊపాడు.

ఇక వాసన పట్టే విషయంలో నవోమికి పెద్ద పేరే ఉంది. పెళ్లయిన నాటి నుంచీ చేసిన పని అదే. యెహోషువ జామాకు నమిలినా, ఏలకులు బుగ్గన పెట్టుకున్నా, పచ్చి ఉల్లిపాయ కొరికి వచ్చినా గుమ్మంలోనే పట్టేసేది. పోలీసు కుక్కకు జీతమిస్తారు, మా చెల్లెలికి అదీ లేదని జయకుమార్ నవ్వేవాడు. లోపల పట్టేసి, బయటివాళ్లు వచ్చి అడిగితే మాత్రం ఒంట్లో బాగాలేదు, పడుకుని ఉన్నాడు అని చెప్పి తలుపు వేసేది.

కాపలా షెడ్డు ముందు యెహోషువ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చొక్కా ఛాతీ నుంచి కింది దాకా తడిసి, గోధుమరంగు మరకలు కట్టి ఉంది. పక్కనే నీలం డ్రమ్ము.

గుంటల మీద ఆ డ్రమ్ము లేని షెడ్డు ఉండదు. బెల్లం, తవుడు, ఈస్టు నీళ్లలో కలిపి మూత పెడితే ఒకటి రెండు రోజుల్లో పులిసి పొంగుతుంది. గుంటలో చల్లితే నీళ్లు బాగుంటాయనీ, రొయ్య ఆరోగ్యంగా పెరుగుతుందనీ అంటారు. జ్యూసు అని దాని పేరు. మూత తీస్తే మాత్రం సారాబట్టీ పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. దాన్ని మగ్గుతో ముంచి తాగిన కాపలావాళ్ల కథలు ప్రతి కట్ట మీదా ఉన్నాయి.

"నిన్న సాయంత్రం నిండుగా ఉండాది. ఇప్పుడు చూడు, సగం" అన్నాడు జయకుమార్. "గుంటలో చల్లినావా అంటే లేదంటాడు. మరేం చేసినావంటే నోరు తెరవడు."

నవోమి డ్రమ్ములోకి చూడలేదు. భర్త చేతుల్నే చూసింది. వెనక్కి పెట్టుకున్నా మోచేతుల దాకా వణుకు తెలుస్తూనే ఉంది. "ఏమయ్యా, ఏం చేసినావు?" అంది.

యెహోషువ నోరు తెరిచాడు. మాట వెతుక్కున్నాడు. "నేను... దాన్ని..." అని ఆగిపోయాడు. నాలుక మొద్దుబారినట్టు తర్వాతి మాట రాలేదు. ఆ తడబాటు నవోమికి కొత్త కాదు.

జయకుమార్ పక్కకు తప్పుకున్నాడు. నవోమి ముందుకు వచ్చి, భర్త నోటి దగ్గర మొహం పెట్టింది. పులిసిన వాసన గుప్పుమంది. అది నోటిదో, చొక్కాదో, పక్కనున్న డ్రమ్ముదో విడదీయడానికి ఆమె ఆగలేదు. వణికే చేతులు చూసింది, ఎర్రటి కళ్లు చూసింది, చాలనుకుంది.

"వస్తా ఉండాది" అంది.

యెహోషువ ఆమె కళ్లలోకి చూశాడు. "అట్నా?" అన్నాడు. "వస్తా ఉండాదా?"

ఎంత పొగరు అనుకుంది నవోమి. మొహం తిప్పుకుంది. జయకుమార్ తిట్టలేదు, కొట్టలేదు. షెడ్డు తాళంచెవి ఇచ్చేయమన్నాడు. యెహోషువ జేబులోంచి తాళంచెవి తీయబోతే అది కింద పడింది. వంగి తీయబోతే మళ్లీ పడింది. చివరికి జయకుమారే తీసుకున్నాడు. యెహోషువ చెప్పులు కూడా వేసుకోకుండా కట్ట మీద నడిచి వెళ్లిపోయాడు. ఎటు పోతున్నావని ఇద్దరూ అడగలేదు.

ఇంటికి వచ్చాక నవోమి ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది. కానీ ఒక మాట మాత్రం ఆమెను వదల్లేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాట. తాగుడు మానగానే అంతా అయిపోయిందనుకోవద్దు, మెదడు కుదురుకోవడానికి నెలలు పడుతుంది, నిద్ర ఉండదు, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, మతిమరుపు వస్తుంది, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, అప్పుడు మళ్లీ తాగాడనుకోవద్దు అని ఆమె ఓపిగ్గా చెప్పింది. నవోమి అన్నిటికీ సరే మేడం అంది. బస్సు వెళ్లిపోతుందేమోనని వాచీ చూసుకుంటూ విన్న మాటలవి.

ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారమే చర్చిలో యెహోషువ సాక్ష్యం చెప్పాడు. చెప్పించారనాలి. పాస్టరయ్యగారు మైకు చేతికిచ్చి, దేవుడు నీ దాహం తీసేశాడా లేదా అని అడిగారు. తీసేశాడు అన్నాడు యెహోషువ. పూర్తిగా తీసేశాడా అన్నారు. పూర్తిగా అన్నాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా కొట్టింది నవోమే. ఆ రోజు నుంచి యెహోషువ చేతులు వణికితే జేబుల్లో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పూర్తిగా బాగైనవాడు వణకకూడదు కదా.

ఒక తెల్లవారుజామున మాత్రం మంచం మీద లేచి కూర్చుని, పెదాలు తుడుచుకుంటూ, "నవోమీ, నేను తాగినానా?" అని అడిగాడు. కలలో తాగాడట. లేచాక కూడా నోట్లో ఆ చేదు పోలేదట. మనసులో లేకుండానే కల్లోకి వస్తాదా అని నవోమి కసిరింది. మళ్లీ ఎప్పుడూ కలల సంగతి ఎత్తలేదు.

డ్రమ్ము పని చూసే కాపలాదారు మానేసి వెళ్లడంతో ఆ పని యెహోషువ మీద పడి వారం కూడా కాలేదు. ఇంకెవరికైనా చెప్పు బావా అని అడిగితే, సాక్ష్యం చెప్పినోడివి బెల్లం నీళ్లకు భయపడతావా అని జయకుమార్ నవ్వాడు. అన్నం వడ్డిస్తున్న నవోమి కూడా నవ్వింది. యెహోషువ కంచంలోకి తల వంచుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం షెడ్డులో ఉన్న అతని బట్టలు తెచ్చేయమని జయకుమార్ మళ్లీ ఆమెనే పంపాడు. తలుపు తీసి మూల చూసింది. లుంగీ, చాప, టిఫిను డబ్బా. మేకుకు ఒక తువ్వాలు వేలాడుతోంది. తీసి మడతపెట్టబోతే ముక్కు చురుక్కుమంది. తువ్వాలు మధ్యలో తలనొప్పి బామ్ దట్టంగా పూసి ఉంది. రెండు కొసలూ ముడి వేసి ఉన్నాయి, తల వెనక కట్టుకుని విప్పిన ముడిలా. కింద బామ్ సీసా ఖాళీగా పడి ఉంది.

ముక్కుకు బామ్ కట్టుకుని ఎవరైనా తాగుతారా?

నవోమి తువ్వాలు పట్టుకునే బయటికి వచ్చింది. షెడ్డు వెనక్కి తిరిగింది. అక్కడ సర్కారు తుమ్మ చెట్ల మధ్య కాకులు గోల చేస్తున్నాయి. ఆమెను చూసి లేచాయి. నేల మీద తవుడూ బెల్లం మడ్డీ చాప పరిచినట్టు ఆరిపోయి ఉంది. ఈగలు. చీమలు బారులు తీరి ఉన్నాయి. డ్రమ్ము దగ్గర్నుంచి అక్కడి దాకా దారి పొడవునా చుక్కలు. వణికే చేతులతో బకెట్టు మోస్తే పడే చుక్కలు. ఆ బకెట్టు చెట్టు కింద బోర్లా పడి ఉంది.

సగం డ్రమ్ము ఎక్కడికి పోయిందో తెలిసింది. మిగతా సగం ఎందుకు మిగిలిందో కూడా తెలిసింది. జయకుమార్ మోటారు సైకిలు చప్పుడు వినబడి ఉంటుంది. రాత్రంతా డ్రమ్ము పక్కన పడుకుని, ఇక తట్టుకోలేక, ముక్కు కట్టుకుని, బకెట్టు తర్వాత బకెట్టు పారబోశాడు మనిషి. తాగకుండా ఉండటానికి. ఆ మాట బావతో చెప్పాలంటే సాక్ష్యం అబద్ధమని ఒప్పుకోవాలి.

నవోమి పరుగెత్తింది.

చర్చిలో లేడు. బస్టాండులో లేడు. వైన్ షాపు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూస్తే గుంపులో ఎవడో ఏదో కూశాడు. పట్టించుకోలేదు. అక్కడా లేడని గుండె కుదుటపడింది. ఇంకా ముందుకు, కాలువ మీది తూము దాకా నడిచింది. సాయంత్రపు ఎండలో యెహోషువ తూము గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లకు బురద. పక్కన ఖాళీ క్వార్టరు సీసా.

నవోమి దగ్గరికి వచ్చింది. మొహం దగ్గర పెట్టే పని లేకుండానే తెలిసింది. ఇదీ ఆ వాసన. ఘాటుగా, గొంతు పట్టేసేటట్టు, ఇన్నేళ్లుగా తన గుమ్మంలో పట్టింది ఇదే. పొద్దున వచ్చింది ఇది కాదు. పుల్లటి బెల్లం వాసన అది. కాస్త ఆగి ఉంటే అప్పుడే తెలిసేది.

ఆమె తువ్వాలు అతని ఒళ్లో పెట్టింది. యెహోషువకు దాన్ని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"పారబోస్తా ఉన్నానని ఎందుకు చెప్పలేదయ్యా?"

"పారబోసింది గుర్తుండాది" అన్నాడు యెహోషువ. "దాని కన్నా ముందు... రాత్రి కల వచ్చింది. మగ్గుతో ముంచుకుని తాగినట్టు. లేచినాక నోరంతా అదే. కలో, నిజంగా తాగినానో తెలియలేదు. ఈ మధ్య నాకేదీ సరిగా తెలవడం లేదు నవోమీ. నువ్వొచ్చి చూస్తావులే అనుకున్నా. నీకు తెలుస్తాదని."

నవోమి గట్టు మీద అతని పక్కన కూర్చుంది.

"నువ్వు వస్తా ఉండాదంటివి. నువ్వెప్పుడూ తప్పు చెప్పలేదు. అయితే తాగే ఉంటా అనుకున్నా. పోగొట్టుకున్నాక ఇంకేముంది అని..." సీసా వైపు చూశాడు.

అట్నా అని అతను అడిగిన మాట నవోమికి ఇప్పుడు మళ్లీ వినబడింది. అది పొగరు కాదు. నిజంగానే అడిగాడు. తెలియక, తెలుసుకుందామని, నమ్మిన మనిషిని అడిగాడు.

"నాది తప్పు" అంది. "పొద్దున నీ నోటి నుంచి రాలేదు. అది బెల్లం నీళ్ల వాసన. నువ్వు తాగలేదు."

యెహోషువ కాలువ నీళ్లను చూశాడు. "అయితే పొద్దున దాకా తాగలేదన్న మాట" అన్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బామ్ ఘాటుకో, దేనికో భుజాలు కదిలిపోయాయి. "అబీకి ఆ మాట చెప్తావా? పొద్దున దాకా తాగలేదని."

"చెప్తా."

నవోమి అన్నకు ఫోన్ చేసింది. అబిగయీలుకు అన్నం పెట్టమంది. షెడ్డు వెనక తుమ్మ చెట్ల కిందకు పోయి చూడమంది. అవతల జయకుమార్ ఏదో అంటున్నాడు. వినకుండా పెట్టేసింది.

నెల్లూరు బస్సు వచ్చింది. యెహోషువకు మెట్టు మీద కాలు నిలవలేదు. నవోమి వెనక నుంచి నడుము పట్టుకుని ఎక్కించింది. కండక్టరు ముక్కు మూసుకుని, ఏందమ్మా, తాగున్నాడా అని అడిగాడు. సీట్లలో వాళ్లంతా తిరిగి చూశారు.

"తాగున్నాడు" అంది నవోమి. "ఒంట్లో బాగాలేదు. ఆస్పత్రికి తీసుకుపోతా ఉండా. రెండు టికెట్లు ఇయ్యి."

యెహోషువ కిటికీ పక్కన కూర్చుని చేతులు జేబుల్లో పెట్టుకోబోయాడు. నవోమి వాటిని బయటికి తీసి, తన ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలింది. వణుకు తగ్గలేదు.