కూర్చోనివ్వని దుకాణం

ఎల్బీ నగర్‌లో తెలంగాణ కోసం రాస్తారోకో ముగించుకుని, మాలతి, ఇంకో నలుగురు సేల్స్ పిల్లలు దిల్‌సుఖ్‌నగర్‌లోని చీరల దుకాణం మెట్లెక్కేసరికి, సీతామహాలక్ష్మి నేల మీద నెత్తురు తుడుస్తోంది. ఆ నెత్తురు ఆమె చెల్లెలు సింధుది. ఐదో నెల కడుపుతో పొద్దుటి నుంచి నిలబడి, రాస్తారోకోకు వెళ్లినవాళ్ల కౌంటర్లు కూడా చూసి, కూలబడిపోయింది. దవాఖాన చేరకముందే కడుపు పోయింది.

ఆ దుకాణంలో అమ్మే ఆడవాళ్లు కూర్చోకూడదు. ఉన్న ఒక్క స్టూలునూ గదిలో పెట్టి తాళం వేశాడు ఓనరు రామమోహనరావు. "తొందరగా తుడువమ్మా, గిరాకీ వస్తోంది" అంటున్నాడు. ఛీ, అదీ ఒక బతుకేనా!

ఆదివారం, రోడ్డెక్కిన ఐదుగురూ, దుకాణంలో ఉండిపోయిన ఆంధ్రా పిల్లలు ఐదుగురూ మీర్‌పేట్‌లో, దుకాణం ఊడ్చే మల్లమ్మ గదిలో చేరారు.

"మీరు రోడ్డెక్కారు, మా సింధుకి కడుపు పోయింది" అంది సీతామహాలక్ష్మి.

"మా పోరగాళ్లు లాఠీలు తింటుంటే మీరు చీరలమ్మిన్రు!" మాలతి లేచింది.

మల్లమ్మ కసిరింది. పోచంపల్లి మగ్గాలింట పుట్టిన మనిషి. "చిక్కువడ్డ నూలును రెండు దిక్కుల గుంజుతరానే? ఎదుటిదాని బాధ ముందు నీ నోట చెప్పు. అది 'అవును' అన్నంకనే నీ ముచ్చట."

మాలతి పళ్లు కొరుక్కుంది. "మేం పోబట్టి నీ చెల్లె..."

"కాదు."

"గా సేటు నిలవెట్టి కడుపుల పిల్లను సంపిండు..."

"అదీ కాదు."

మాలతి ఆమె చేతులు చూసింది. గోళ్లలో ఇంకా ఎరుపు ఉంది. "పక్కనే ఉండి... కూసో అనలేకపోయినవు."

"అవును" అని సీతామహాలక్ష్మి బావురుమంది. కొంగుతో మొహం తుడుచుకుని, "నీ యాస వింటే గిరాకీ పోతుంది, నోరు మూసుకో అన్నాడు ఓనరు నిన్ను. అందరి ముందూ. నేను... నవ్వాను" అంది.

"అవును" అంది మాలతి.

మరునాడు గిరాకీ కిటకిటలాడుతుండగా పదిమందీ ఉన్నచోటే నేల మీద కూర్చున్నారు. రామమోహనరావు ఒకామెను జుట్టు పట్టి లేపబోయాడు. ఆమె లేవలేదు. పోలీసులొచ్చారు.

"మావాళ్లను వదిలెయ్యండి సార్. రాస్తారోకో చేసిన ఆ ఐదుగురినీ తీసుకెళ్లండి" అన్నాడు ఓనరు.

మొదట వ్యానెక్కింది సీతామహాలక్ష్మి.

"నీకేం కష్టమే?" ఎస్సై లాఠీతో పొడిచాడు.

"మా మాలతిని నోరు తెరవొద్దన్నాడండీ."

"నీకో?"

"నా చెల్లె కడుపు తీసిండు సారూ" అంది మాలతి. లాఠీ మోకాలి మీద పడింది. మళ్లీ అదే మాట అంది. మళ్లీ పడింది.

పదిమందినీ ఎక్కించి వ్యాను కదిలింది. జాలీలోంచి చూసింది మాలతి. ఎదురు దుకాణం అద్దం వెనక, నిలబడి చీర మడతపెడుతున్న పిల్ల వీళ్లనే చూస్తోంది. చీర పక్కన పెట్టి, మెల్లగా కూర్చుంది.