అత్తగారికి వేసిన సూది

మేకల కొట్టం కడిగించాలి. తెల్లకోట్లు ఇస్త్రీ చేయించాలి. చచ్చిన కుందేళ్ల సంచులు కొత్త టీకా చూడ్డానికొచ్చే అతిథుల కంటపడకుండా తగలబెట్టించాలి. గోడమీద ‘వైరస్ మచ్చికైంది’ అని పెద్ద అక్షరాల్లో రాయించాలి. ఇవన్నీ ఆ పరిశోధనశాలలో పనిచేసే పరిశోధకురాలి నెత్తినే పడ్డాయి. వాళ్లింట్లో మొదటి డిగ్రీ ఆమెదే. చదువుకుంటే చాకిరీ తప్పుతుందని వాళ్లమ్మ నమ్మకం.

మేకల జబ్బు వైరస్‌ను ఒక కుందేలు నుంచి ఇంకో కుందేలుకు, దాన్నుంచి మరోదానికి ఎక్కిస్తూ వచ్చారు. మొదట్లో కుందేళ్లకు కాస్త ఒళ్లు వెచ్చబడేది, అంతే. రానురాను వైరస్ కుందేలు ఒంటికి అలవాటుపడి మేకను మరిచిపోయింది. ఇప్పుడది ఎక్కిస్తే మేక ఒకపూట ముభావంగా ఉండి మళ్లీ ఆకులు నమిలేది, అసలు జబ్బు ఇక దాని జోలికొచ్చేది కాదు. కుందేలు మాత్రం గుడ్లు తేలేసేది. మేకలకు టీకా దొరికింది, డైరెక్టరు గారికి ఉపన్యాసం దొరికింది.

“మచ్చికైంది మేకలకే సార్. కుందేళ్లకు...” అంటూ పరిశోధకురాలు చెప్పబోయింది.

“మచ్చికయ్యాక మేకేంటి, కుందేలేంటమ్మా? అతిథుల ముందు ఆ లావుపాటి కుందేలుకే పొడుద్దాం. ఫొటోలో నిండుగా ఉంటుంది.”

ఆ లావుపాటిది అత్తగారు. ఎవరొచ్చినా కాలు నేలకేసి కొట్టి విసుక్కుంటుందని ఆ పేరు. పిల్లల్ని కనడానికే ఉంచారు గనక సూదులు దాని జోలికి పోలేదు. పరిశోధకురాలికి తప్ప ఎవరి చేతికీ చిక్కదు.

“సిరంజిలో ఉప్పునీళ్లు నింపెయ్ తల్లీ,” అన్నాడు జంతువుల్ని చూసుకునే మామ. “అత్తగారూ బతుకుతుంది, ఆయనగారూ మురుస్తారు.”

“బాగానే ఉంది మామా. అది చూసి నమ్మి, జనం వాళ్ల కుందేళ్లకూ ఈ మందే పొడిస్తే?”



ఆమె అసలు మందే నింపి, అతిథుల ముందు అత్తగారికి పొడిచింది. చప్పట్లు మోగాయి. అత్తగారు కాలు కొట్టి విసుక్కుంది. అదీ హర్షధ్వానమేనని డైరెక్టరు గారు సెలవిచ్చారు.

మర్నాటినుంచి అది గడ్డి ముట్టలేదు. పరిశోధకురాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత అత్తగారు ఎవరొచ్చినా విసుక్కోలేదు.

వారం తిరక్కుండానే, ఆ రోజు అతిథిగా వచ్చిన పెద్ద అధికారి ఫోను చేశారు. నలుగురూ వినాలని డైరెక్టరు గారు స్పీకరు పెట్టారు.

“మీ కుందేలు ఎలా ఉందండీ?”

“విశ్రాంతి తీసుకుంటోంది సార్!”

“చచ్చిపోయింది సార్,” అంది పక్కనే నిలబడ్డ ఆమె.

నిజం చెప్పినందుకు బహుమానంగా ఆమెను గోదాముకు మార్చారు. టీకా సీసా మీద మాత్రం ఒక ముక్క చేర్చక తప్పలేదు: ‘కుందేళ్లకు వేయరాదు’. ఎప్పుడైనా ఆ సీసా మీ చేతికొస్తే, అక్షరాలు చిన్నవే అయినా ఆగి చదవండి. చదివి, అత్తగారిని ఒక్కసారి తలుచుకోండి.