అసిరయ్య టెస్టింగ్ రికార్డు

భీమశంకర్‌కి ఒళ్లు మండిపోయింది. బావమరిదిని టాటానగర్ స్టేషన్లో రైలెక్కించి బాగ్‌బేరా మీదుగా వస్తుంటే, దుర్గాపూజ పందిరి దగ్గర మైకుసెట్టు అసిరయ్య కొత్తగా కట్టిన లౌడ్‌స్పీకరు గొట్టాల్ని పరీక్షిస్తున్నాడు. అందుకు వేసిన రికార్డు ఏది? కలకత్తా పాత దుకాణాల్లో భీమశంకర్ పదేళ్లుగా దేవులాడుతున్నది! అరవై ఏడులో ఓ ఇంగ్లీషు బృందం పాటలతో లండన్‌లో మోనోలో వచ్చిన మొదటి అచ్చు. తిరగేసి మోగించినట్టుండే గిటార్లు, నీళ్లలోంచి పలికినట్టుండే గొంతులు. దాని మీద అరిగిపోయిన సూది దించి, గొట్టం గొట్టానికీ మొదటి పాటే మళ్లీ మళ్లీ రుద్దుతున్నాడా మహానుభావుడు.

ఎవరో దొర ఊరు వదిలి వెళ్తూ అమ్మేసిన సామానులో వచ్చిందట. భక్తి పాటల రికార్డులు అరిగిపోకుండా, టెస్టింగుకి ఈ గోలను వాడుకుంటున్నానని అసిరయ్య గర్వంగా చెప్పాడు. డబ్బు వద్దన్నాడు. ఇలాంటి గోలే ఇంకొకటి తెచ్చిస్తే మార్చుకుంటానన్నాడు.

ఆ గోలే భీమశంకర్ ఇంట్లో స్టీరియోలో, అంటే సౌండుని రెండు స్పీకర్లకి పంచిన అచ్చులో, ఉంది. అసలు అతని బాధంతా అదే. ఆ బృందం వారాల తరబడి దగ్గర కూర్చుని సౌండు కుదిర్చింది, అంతా ఒకే స్పీకర్లో పలికే మోనోకి. స్టీరియో మాత్రం ఎవరో హడావిడిగా గొంతునొక పక్కకీ, డ్రమ్ముల్నొక పక్కకీ తోసేసి చేతులు దులుపుకున్నది. ఈ మాట ఎత్తితే చాలు, ఫ్యాక్టరీలో తోటి ఇంజనీర్లు గడియారాలు చూసుకునేవారు. భార్య రుక్మిణికి పొయ్యి మీద పప్పు గుర్తొచ్చేది. రెండు స్పీకర్లు కొనుక్కుని ఒక్కదాని కోసం ఏడ్చే మనిషిని తానెక్కడా చూడలేదని ఆవిడ అననే అంది. మర్నాడు అతను స్టీరియో రికార్డు చంకలో పెట్టుకుని బయలుదేరుతుంటే, మార్చుకుని మాట్లాడకుండా వచ్చేయమని మరీ మరీ చెప్పింది.

మార్పిడి క్షణంలో అయిపోయింది. తళతళలాడే స్టీరియో అసిరయ్య చేతికీ, గీతలు పడ్డ మోనో భీమశంకర్ చేతికీ వచ్చాయి. స్కూటర్ ఎక్కి పోవడమే తరువాయి.

"కొత్తది ఇచ్చీసి పాతది అట్టుకుపోతన్నారు. ఇందులో ఏటుంది బాబూ?" అన్నాడు అసిరయ్య.

నోరు మూసుకోవచ్చు. ఊరికే అని నవ్వేసి రావచ్చు. కానీ పదేళ్లలో ఆ ప్రశ్న తనంతట తానుగా అడిగిన మొదటి మనిషి అసిరయ్య. భీమశంకర్ స్కూటర్‌కి స్టాండు వేశాడు. మోనో అంటే ఏమిటో, ఆ గొంతు గిటార్ల మధ్యలోంచి ఎలా పైకి లేస్తుందో మొదలుకొని అరగంట చెప్పాడు. అసిరయ్య నిచ్చెన దిగి, బీడీ ఆర్పేసి మరీ విన్నాడు. ఆ ఉత్సాహంలో భీమశంకరే, కావాలంటే కొత్తది వేసి చూడమన్నాడు.

అసిరయ్య సూది పికప్పుకి రెండు పక్కల సౌండుకీ రెండు తీగలుంటే, తనవన్నీ ఒకే లైను మీద గొట్టాలు కదా అని రెండోదాన్ని ఏనాడో కత్తిరించేశాడు. డ్రమ్ములు మోగాయి, గిటార్లు మోగాయి. గొంతును తోసిన పక్క తీగే తెగింది గనక, పాడేవాడు మాత్రం పలకలేదు. అసిరయ్య కాసేపు గొట్టానికేసి చూసి, సూది పైకెత్తాడు.

"మీరు సెప్పింది అచ్చరాలా నిజం బాబూ. దీన్లో మనిసే నేడు. నాది నాకిచ్చీయండి."

ఏం వాదిస్తాడు? వాదించాల్సినదంతా తనే చెప్పేశాడాయె. మార్పిడి మార్పిడేనన్నాడు, ఇంకో పది రికార్డులు తెస్తానన్నాడు, చివరికి బతిమాలాడు. అసిరయ్య రెండు చేతులూ జోడించి, తన రికార్డు మెల్లిగా తీసుకుని, పైపంచెతో దుమ్ము తుడిచాడు.

"ఇంత ఇదైందని తెలక టెస్టింగుకి పాడు సేసీసినాను. పూజ అన్ని రోజులూ పొద్దున్నా సాయంత్రం దీన్నే ఏత్తాను. మీరొచ్చి కూకోండి, ముందు కుర్సీ ఏయిత్తాను."

రోజుకి రెండుసార్లు, ఆ సూదితో! పూజ అయ్యేసరికి అందులో ఏమీ మిగలదు. పోనీ తిట్టుకుందామంటే, పదేళ్లకి తన మాట చివరిదాకా విని అర్థం చేసుకున్నది ఈ ఒక్కడే. వాడి మీద కోపం కూడా సరిగ్గా రాలేదు. కిక్కు మీద కిక్కు కొట్టి స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే, పందిట్లో ఎవరో ఆ గోల ఆపమని హిందీలో అరిచారు. ఇది గోల కాదని అసిరయ్య అతన్ని కూర్చోబెట్టి, మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.